మీట నా చేతిలోనే

సైన్స్ ఫిక్షన్ ఎందుకు చదువుతావని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. శాస్త్రమంటే ఆసక్తి అంటాను, రేపు ఎలా ఉంటుందోనన్న కుతూహలం అంటాను. వినేవాళ్లు తలూపుతారు. నాకూ బాగానే ఉంటుంది. కానీ ఇంటర్మీడియట్‌లో ఫిజిక్స్ పుస్తకం తెరిస్తే చాలు, కునుకు పట్టేసిన ఘనుణ్ని నేను. శాస్త్రం మీద అంత ప్రేమే ఉంటే అదప్పుడు ఎక్కడికి పోయింది? ఎవరూ కట్టని ఓడల గురించీ, ఎవరూ చెయ్యని మరమనుషుల గురించీ అర్ధరాత్రి దాకా చదివినవాడికి, నెత్తిమీద తిరిగే ఫ్యాను ఎలా తిరుగుతోందో తెలుసుకోవాలని ఒక్కరోజూ ఎందుకు అనిపించలేదు?

ఈమధ్య ఆ ప్రశ్నని కాస్త గట్టిగా పట్టుకున్నాను. వచ్చిన జవాబులు నలుగురిలో చెప్పుకునేలా లేవు.

మొదట బయటపడింది డాబు. జూల్ వెర్న్ 1865 నాటి నవలలో ముగ్గురు మనుషుల్ని అల్యూమినియం గుండులో కూర్చోబెట్టి, 900 అడుగుల ఫిరంగిలోంచి, ఫ్లోరిడా నుంచి చంద్రుడి వైపు పేల్చాడు. 104 ఏళ్ల తర్వాత అపోలో 11 కూడా ముగ్గురితో ఫ్లోరిడా నుంచే లేచింది. ఈ సంగతి ఎన్ని పెళ్లిభోజనాల్లో, ఎంతమందికి చెప్పానో! ఆ ఫిరంగి నిజంగా పేలితే ఆ అదురుకే లోపలున్న ముగ్గురూ పచ్చడైపోతారన్న సంగతి మాత్రం ఎత్తను. ఆయన జలాంతర్గామికి పెట్టిన నాటిలస్ అనే పేరు కూడా అంతకుముందే ఉంది. 1800లోనే రాబర్ట్ ఫుల్టన్ అనే అమెరికన్ అదే పేరుతో నిజంగా నీట మునిగే పడవ కట్టాడు. అదీ చెప్పను. చెబితే వెర్న్ ఒక మెట్టు దిగుతాడు, ఆయన వెనకే నేనూ దిగాలి.

మా బంధువుల్లో ఒక పెద్దాయన ఉన్నారు. విమానం మాట వస్తే చాలు పుష్పకాన్ని బయటికి తీస్తారు. మనవాళ్లు ఎప్పుడో చేసి వదిలేశారోయ్ అంటారు. నేను లోపల్లోపల నవ్వుకుంటాను. నవ్వుకునే అర్హత నాకేముందో ఇప్పుడు తెలియడం లేదు. ఆయన వాల్మీకి పక్కన నిలబడి ఫొటో దిగుతున్నారు, నేను వెర్న్ పక్కన. ఇద్దరం జన్మలో ఒక మర బిగించిన పాపాన పోలేదు. మెట్రోలో చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకున్న కుర్రాణ్ని చూడగానే, ఇలాంటివి రే బ్రాడ్‌బరీ 1953లోనే రాశాడని పక్కవాడి చెవిలో వెయ్యనిదే నాకు తోచదు. ఆ 'ఫారన్‌హీట్ 451' నవలలో భార్య రాత్రంతా ఆ బుల్లి రేడియోల్ని చెవుల్లో పెట్టుకుని పడుకుంటుంది, పక్కన మొగుడు ఉన్నా లేనట్టే. అసలు విషయం అది. నేను చెప్పేది మాత్రం సంవత్సరం.

చదివిన ఆనందాన్ని పంచుకోవడం తప్పా అని నన్ను నేనే వెనకేసుకొచ్చాను ఒకసారి. ఆనందమే అయితే, అదే మాట నాకన్నా ముందు ఇంకెవరైనా అంటే నాకెందుకు మొహం మాడిపోతుంది?

సరే, డాబు పైపూత. దాని అడుగున ఇంకేదో ఉందని అనుమానం వచ్చి, ఇన్నేళ్లలో నేను నిజంగా 'ఇది నాకుంటే బాగుండు' అనుకున్న యంత్రాలేమిటా అని గుర్తు చేసుకున్నాను. చంద్రుడికి వెళ్లే గుండు అందులో లేదు. నాటిలస్ లేదు. మొదట గుర్తొచ్చింది కనిపించకుండా పోవడం.

హెచ్.జి. వెల్స్ 1897లో రాసిన 'ద ఇన్విజిబుల్ మ్యాన్' చదువుతున్నంతసేపూ నాకు ఆయన మీద కోపంగా ఉండేది. ఇంత గొప్ప శక్తిని గ్రిఫిన్ చేతిలో పెట్టి ఇన్ని తిప్పలు ఎందుకు పెట్టాడని. బట్టలు వేసుకుంటే బట్టలు కనపడతాయి కాబట్టి చలికాలం లండన్‌లో దిసమొలతో తిరగాలి. తిన్న తిండి అరిగేదాకా గాల్లో తేలుతూ కనిపిస్తుంది. బురద అడుగులు పట్టిస్తాయి, కుక్కలు వాసన పడతాయి. వీటిమీద కోపమైతే వచ్చింది గానీ, గ్రిఫిన్ తన తండ్రి దగ్గర పరాయివాళ్ల డబ్బు దొంగిలించడం, తండ్రి తుపాకీతో కాల్చుకుని చనిపోవడం, అంత్యక్రియలప్పుడు కూడా కొడుక్కి దుఃఖం రాకపోవడం, ఆ పేజీలు మాత్రం గబగబా తిప్పేసేవాణ్ని. నాకు కావలసింది వేరే. నేను లేచి వెళ్లిపోయిన గదిలో ఇంకాసేపు నిలబడాలి. నా గురించి ఏమనుకుంటారో వినాలి. తరచి చూస్తే, ఆ ఊహలో వాళ్లు ఎప్పుడూ నన్ను మెచ్చుకుంటూనే ఉంటారు, ఒక్కడు నన్ను తిడితే మిగతావాళ్లు వాడి నోరు మూయిస్తారు. నేను లేచి వెళ్లాక గదిలో నా మాటే నడుస్తుందనుకోవడంలోనే ఉంది అసలు జబ్బు. వాళ్లు ఉల్లిపాయల ధర గురించి మాట్లాడుకుంటూ ఉండొచ్చు.

దీన్ని తలచుకుని నవ్వుకోవచ్చు. తర్వాతిదాన్ని తలచుకుంటే నవ్వు రాదు.

'ఎ పాసేజ్ టు ఇండియా' రాసిన ఇ.ఎం. ఫార్‌స్టరే 1909లో 'ద మెషీన్ స్టాప్స్' అని ఒక పెద్ద కథ రాశాడు. అందులో మనుషులు భూమి లోపల, తేనెపట్టులో అరల్లాంటి గదుల్లో, గదికి ఒక్కరు చొప్పున బతుకుతుంటారు. కిటికీ లేదు, దీపం లేదు, అయినా వెలుతురుంటుంది. మీట నొక్కితే తిండి, మీట నొక్కితే సంగీతం, మీట నొక్కితే స్నానపు తొట్టి నేలలోంచి పైకి లేస్తుంది. వాష్టి అనే ఆవిడకి వేలమంది పరిచయం, ఒక్కరినీ ముట్టుకునే పని లేదు. గాలిఓడలో ఆవిడ పడబోతుంటే అక్కడి పనిమనిషి చెయ్యి వేసి ఆపినందుకు మండిపడుతుంది. కొడుకు కూనో భూగోళానికి అవతలి వైపు ఉంటాడు. గుండ్రటి పలక మీద నీలి వెలుగులో కనిపించి, యంత్రంలోంచి కాదు, స్వయంగా వచ్చి చూడమని అడుగుతాడు. ఇప్పుడు చూస్తూనే ఉన్నాను కదా, ఇంకేం కావాలన్నది ఆవిడ అభ్యంతరం.

ఆ గదిలో ఫార్‌స్టర్ ఇంకొక మీట కూడా పెట్టాడు. అది తిప్పితే బయటివాళ్లెవరూ ఆవిణ్ని పలకరించలేరు. కొడుకుతో మాట్లాడడం కోసం దాన్ని తిప్పి ఉంచుతుంది. మాట అయిపోయి మళ్లీ యథాస్థితికి తిప్పగానే, ఆ మూడు నిమిషాల్లో పోగుపడ్డ గంటలూ ప్రశ్నలూ ఒక్క పెట్టున మీద పడతాయి. కొత్త తిండి ఎలా ఉంది, కొత్త ఆలోచనలేమైనా వచ్చాయా, ఇవీ ఆ ప్రశ్నలు. ఫోను ఆన్ చెయ్యగానే టింగు టింగుమని వచ్చిపడే మెసేజీలు అచ్చం ఇలాగే ఉంటాయి కదా అని అందరిలాగే నేనూ ఆశ్చర్యపోయాను. సంవత్సరం గుర్తు పెట్టుకున్నాను. చాలాకాలం తర్వాత మళ్లీ చదువుతుంటే వేరే సంగతి తట్టింది. కథ మొదలైనప్పటి నుంచీ నేను వాష్టి పక్షమే. ఫార్‌స్టర్ నరకం అనుకుని కట్టిన గదికి నేను అద్దె ఎంతో కనుక్కునేలా ఉన్నాను.

వాట్సాప్‌లో నాకు నీలం టిక్కులు రావు, ఆపేశాను. ఎప్పుడు చూశానో కూడా ఎవరికీ కనపడదు. ఎందుకు అంటే పని ఒత్తిడి అంటాను. పనేమీ లేని ఆదివారం సాయంత్రాలు కూడా అవి ఆపే ఉంటాయి. అమ్మ ఊళ్లో అన్నయ్య దగ్గర ఉంటుంది. సాయంత్రం పూట ఆవిడ ఫోను వస్తే మోగనిస్తాను. కాసేపాగి నేనే చేస్తాను. ప్రేమ లేక కాదు, ఆ మాట ప్రమాణం చేసి చెప్పగలను. మరి ఎందుకు? చాలా తవ్వుకున్నాక ఇంతే దొరికింది: నేను చేసిన ఫోనులో నేను మంచి కొడుకుని, వచ్చిన ఫోనులో దొరికిపోయినవాణ్ని. తలుపు ఎవరికీ మూయను, గడియ మాత్రం నా వైపే ఉండాలి.

వీడియో కాల్‌లో అమ్మ ఫోనుని మొహానికి మరీ దగ్గరగా పెట్టుకుంటుంది. నాకు ఆవిడ నుదురు సగం, వెనక గోడ మీద క్యాలెండరు సగం కనిపిస్తాయి. "కనపడుతున్నావులే గానీ, చిక్కావో ఒళ్లు చేశావో తెలియట్లేదురా. కాస్త వెనక్కి జరుగు" అంటుంది. జరుగుతాను. వాష్టికి ఆ పలకలో కొడుకు మొహం కనిపిస్తుంది గానీ అందులోని సన్నటి మార్పులు అందవనీ, స్థూలంగా తెలిస్తే చాలని జనం సరిపెట్టుకున్నారనీ ఫార్‌స్టర్ రాశాడు. ఆయన దాన్ని లోపంగా రాశాడు. నాకది వెసులుబాటు. గంట నుంచీ ఫోను పెట్టేద్దామని చూస్తున్న నా చిరాకు అమ్మకి అందదు. అందకూడదనే నా కోరిక. చిక్కానో లేదో ఆవిడకి తెలియకపోవడం ఆ కోరికకి చెల్లించే ధర, దాన్ని చెల్లిస్తున్నది నేను కాదు.

ఇక మరమనిషి సంగతి. కారెల్ చాపెక్ 1920లో రాసిన చెక్ నాటకం 'ఆర్.యు.ఆర్.'లో రోబోలు ఇనుముతో చేసినవి కావు, ఫ్యాక్టరీలో పిండి కలిపినట్టు కలిపి చేసిన కండా చర్మమూ ఉన్న మనుషుల్లాంటివాళ్లు. పనంతా వాళ్లే చేస్తుంటే మనుషులకి చివరికి పిల్లలు పుట్టడం కూడా ఆగిపోతుంది. రోబోలు తిరగబడి అందర్నీ చంపి, ఆల్క్విస్ట్ అనే ఒక్కణ్ని వదిలేస్తారు. తమలాగే చేతులతో పని చేస్తాడని. నాలాంటివాడు ఆ పరీక్షలో నెగ్గడు.

నా ఊహలోని మరమనిషి ఎప్పుడూ కాఫీ తెస్తాడు. ఒళ్లు వంగకనా అంటే, పొద్దున్నే పార్కులో గంటసేపు నడిచేవాణ్ని, వంటింటి దాకా నాలుగు అడుగులు వెయ్యలేనా? ఇంట్లో కాఫీ అడిగితే, అడిగినట్టు అవుతుంది. తెచ్చిచ్చిన మనిషి మొహం చూడాలి, నువ్వు తాగావా అనాలి, రేపు ఆ మనిషి ఏదైనా అడిగితే లేవాలి. యంత్రం తెస్తే ఆ బాకీ ఉండదు. నేను బద్ధకమని పేరు పెట్టుకున్నది బద్ధకం కూడా కాదేమో, ఎవరికీ రుణపడకుండా అన్నీ అందుకోవాలన్న పిసినారితనమేమో. పైగా ఆ ఊహలో కాఫీ కప్పు వస్తుంది గానీ, ఫిల్టరు చిల్లుల్లో ఇరుక్కున్న పొడిని దులిపి కడిగేది ఎవరో ఎప్పుడూ కనిపించలేదు.

అది కనిపించేలా చేసింది ఒక చిన్న కథ. బేగం రొకేయా రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో మద్రాసు నుంచి వచ్చే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో అచ్చయింది. డిప్యూటీ మేజిస్ట్రేటుగా ఉన్న భర్త క్యాంపుకి వెళ్లినప్పుడు, పొద్దుపోక రాసిన కథ. అందులో ఆడవాళ్లు దేశాన్ని నడుపుతుంటారు, మగవాళ్లు ఘోషాలో ఉంటారు. ఒక విశ్వవిద్యాలయం వాళ్లు గొట్టాలు తగిలించిన బెలూన్‌ని ఆకాశంలో నిలిపి, మబ్బుల్లోంచి కావలసినంత నీరు తీసుకుంటారు. ఇంకొకరు సూర్యుడి వేడిని పోగుచేసి దాచుకుంటారు. శత్రువులు దండెత్తి వస్తే ఆ వేడినే వాళ్ల మీదికి తిప్పి తరిమేస్తారు. ఎగిరే బండి కూడా ఉంది.

నేను మొదట చదివినప్పుడు బెలూన్, బండి, సౌరశక్తి అని మార్జిన్‌లో గీతలు పెట్టుకున్నాను. 1905 అనీ రాసుకున్నాను, అలవాటు ప్రకారం. వంటింటి పేరా పక్కన గీత లేదు. ఆ వంటిల్లు కూరగాయల తోట మధ్యలో ఉంటుంది. బొగ్గు లేదు, పొగ లేదు, పొగగొట్టం లేదు, నిప్పు జాడే లేదు. గొట్టంలో వచ్చే సూర్యుడి వేడితో వంట అవుతుంది. కథలోకి వచ్చిన సుల్తానా ఆగి, ఇక్కడ ఎలా వండుతారని అడిగేది అది చూసే. మా అమ్మమ్మ పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదుతూ, కొంగుతో కళ్లు తుడుచుకోవడం నేను చూడని దృశ్యమేమీ కాదు. వెర్న్ ఫిరంగి పొడవు కంఠతా వచ్చిన నాకు, పొగలేని పొయ్యి కూడా ఒక ఆవిష్కరణే అని ఎందుకు తట్టలేదు? నా కళ్లు మండలేదు కాబట్టి. యంత్రాల్ని ఊహించేటప్పుడు కూడా నా ఒంటికి తగిలిన ఇబ్బంది దాకానే నా ఊహ వెళ్తోందన్నమాట. దీన్ని ఊహాశక్తి అని పిలుచుకుంటూ ఇన్నాళ్లూ గర్వపడ్డాను.

ఆ కథలోనే ఇంకో చమత్కారం. అక్కడి ఆడవాళ్లకి ఆఫీసు పని రోజుకి రెండు గంటలే. మగవాళ్లకి ఎక్కువ గంటలెందుకు పట్టేవంటే, ఒక చుట్ట కాలడానికి అరగంట, రోజుకి పన్నెండు చుట్టలు, వెరసి ఆరు గంటలు పొగలో పోయేవట. నేను చుట్ట తాగను. నా ఆరు గంటలు ఎందులో పోతున్నాయో ఇక్కడ లెక్క రాయదలుచుకోలేదు.

కోపం గురించి రాయకుండా తప్పించుకుందామనుకున్నాను. వెల్స్ 1914లో 'ద వరల్డ్ సెట్ ఫ్రీ' అనే నవలలో అణుబాంబుల్ని ఊహించాడు, ఆ పేరుతోనే. విమానంలోంచి చేత్తో విసిరేవి, పడ్డచోట రోజుల తరబడి పేలుతూనే ఉండేవి. నగరాలు తగలబడ్డాక, మిగిలిన పాలకులు కొండల నడుమ బ్రిస్సాగో అనే చోట చేరి ప్రపంచమంతటికీ ఒకే ప్రభుత్వం ఏర్పాటు చేస్తారు. లియో జిలార్డ్ అనే భౌతికశాస్త్రవేత్త ఈ నవలని 1932లో చదివాడు. మరుసటి ఏడాది లండన్‌లో రోడ్డు దాటబోతుండగా ఆయనకి చెయిన్ రియాక్షన్ ఆలోచన తట్టింది. 1934లో పేటెంటు పెట్టి, అది బయటికి పొక్కకుండా బ్రిటిష్ నౌకాదళానికి అప్పగించాడు. అణుబాంబు హిట్లర్‌కి ముందే దొరుకుతుందన్న భయంతో 1939లో ఐన్‌స్టీన్ చేత రూజ్‌వెల్ట్‌కి ఉత్తరం రాయించినవాళ్లలో ఆయనా ఒకడు, 1945లో బాంబు వెయ్యొద్దని తోటి శాస్త్రవేత్తల సంతకాలు సేకరించినవాడూ ఆయనే. అదే పుస్తకం చదివి ఆయన భయపడ్డాడు. నాకు మాత్రం తృప్తి కలిగింది.

ఆ తృప్తి ఏమిటో చెప్పాలి. బ్రిస్సాగో ఘట్టం నాకెంత ఇష్టమంటే, అక్కడికి చేరడానికి ఎన్ని నగరాలు కాలాయో పట్టించుకోలేదు. టీవీలో చర్చలు చూసినప్పుడు, రాంగ్ రూట్లో ఎదురొచ్చినవాడు నన్నే తిట్టినప్పుడు, వీళ్లకి ఒకసారి గట్టిగా తగిలితే గానీ బుద్ధి రాదు అనుకుంటాను. ఆ తగలడం ఎలా ఉంటుందో ఊహిస్తాను కూడా. దాన్ని లోకం మీద ఆవేదన అనుకునేవాణ్ని. ఆ ఊహలో నేనెప్పుడూ కొండ మీదే ఉంటాను, కింద తగలబడుతున్నవాళ్లలో ఉండను. నా మాట విననివాళ్లంతా కింద ఉంటారు. ఆవేదనకి ఇంత కచ్చితంగా మనుషుల్ని ఏరుకునే గుణం ఉంటుందా? మీకూ ఇలాంటి కొండ ఒకటి ఉంటుందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం దాని దారి బాగా అలవాటు.

అందరూ మొదట కోరుకునే కాలయంత్రాన్ని నేను చివరికి మిగుల్చుకున్నాను. నా తరం తెలుగువాళ్లలో చాలామంది దాన్ని మొదట చూసింది 1991లో, సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369'లో. ఆ బొమ్మ పుణ్యాన రాయలవారి సభకీ వెళ్లొచ్చాం, భవిష్యత్తుకీ వెళ్లొచ్చాం. వెల్స్ 1895 నవలలో ప్రయాణికుడు 802701వ సంవత్సరానికి పోతాడు, అక్కణ్నుంచి ఇంకా ముందుకి, సూర్యుడు చల్లారిపోయేదాకా పోతాడు. నవలలో మనం అతని వెంట వెళ్లినంత మేరా ముందుకే. వారం కిందటి సాయంత్రానికి వెళ్లి తన మాట దిద్దుకుందామన్న ఆలోచన అతనికి రాదు.

నా యంత్రం ముందుకి పోదు. అది వెళ్లేది అమ్మ ఎవరి దగ్గర ఉండాలన్న మాట మీద అన్నయ్యకీ నాకూ తగువైన సాయంత్రానికి. ఆరోజు నాకు జవాబు తట్టలేదు. తర్వాత తట్టింది. దాన్ని పట్టుకుని మనసులో ఆ గదికి వెళ్తూనే ఉన్నాను. ప్రతిసారీ అనాల్సింది అంటాను, అన్నయ్య నోరు మెదపడు. ఆరోజు అతనేమన్నాడో ఇంకోసారి సరిగ్గా విందామని మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు. అసలు అతనన్న మాటలు నాకిప్పుడు గుర్తు లేవు. నా వాక్యాన్ని ఎంత చెక్కానంటే అందులో ఒక్క అక్షరం తీయడానికి లేదు.

అన్నయ్య అదే ఊళ్లో, అదే ఇంట్లో ఉన్నాడు. బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరొచ్చు. వెళ్తే ఆ వాక్యమే ముందు నోట్లోంచి ఊడిపడుతుందేమోనన్న భయంతో వెళ్లడం లేదని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఈ కారణం కూడా నాకు మరీ మంచిపేరు తెచ్చేలా ఉంది, అందుకే నమ్మబుద్ధి కావడం లేదు.